వారం ముందు చెబితే పోయేదేముంది? రాష్ట్రపతి పర్యటనలు ఖరారు చేసే అధికారులకు విశాఖపట్నం నుంచి బహిరంగ లేఖ

రాష్ట్రపతి గారి వారపు కార్యక్రమాన్ని ఢిల్లీలో రూపొందించే అధికారులకు, దాన్ని విశాఖలో అమలు చేసే జిల్లా, నగర, పోలీసు అధికారులకు,

నమస్కారం. దేశాధినేత మా ఊరికి రావడం మాకు గౌరవం. 2006 ఫిబ్రవరిలో అబ్దుల్ కలాం గారు ఇక్కడ నౌకాదళ సమీక్ష జరిపి, మర్నాడు సింధురక్షక్ జలాంతర్గామిలో సముద్రగర్భంలోకి వెళ్ళారు. 2016 ఫిబ్రవరి 6న ప్రణబ్ ముఖర్జీ గారు, 2022 ఫిబ్రవరి 21న రామ్‌నాథ్ కోవింద్ గారు ఐఎన్‌ఎస్ సుమిత్ర మీద నుంచి నౌకల వరసలు చూశారు. అదే ఏడు డిసెంబరు 4న ద్రౌపదీ ముర్ము గారు ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలకు వచ్చారు. నేవీ డే ప్రధాన వేడుక ఢిల్లీ దాటి రావడం అదే మొదలు. తూర్పు నౌకాదళం ఇక్కడ ఉన్నంతకాలం రాష్ట్రపతులు వస్తూనే ఉంటారు. రావాలనే మా కోరిక కూడా. మర్యాదలు ఇంతటితో చాలించి అసలు సంగతికి వస్తాం.

బీచ్ రోడ్డులో బండి పెట్టుకునేవాళ్ళం, ఆటోలు, అంబులెన్సులు నడిపేవాళ్ళం, హార్బర్ బోటువాళ్ళం, బందోబస్తు డ్యూటీలు చేసి రిటైరైనవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇంతకుముందు ఇచ్చిన వినతిపత్రాలకు రసీదు ముద్ర పడింది గాని జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

మేం ముఖ్యంగా అడిగేది ఒక్కటే. కాన్వాయ్ ఏ నిమిషానికి ఎక్కడుంటుందో మాకు అక్కర్లేదు. ఏ రోజు, ఏ పూట, ఊళ్ళో ఏ వైపు వెళ్ళకూడదో చెప్పండి. మొదటిది భద్రతా రహస్యం. రెండోది కాదు. రెండింటినీ ఒకే కవర్లో పెట్టి సీలు వేయడం వల్లే ఇబ్బందంతా వస్తోంది.

రాష్ట్రపతి గారి వారంలో చాలా భాగం మా జోలికి రాదు. కొత్త రాయబారుల అధికార పత్రాలు స్వీకరించడం, శిక్షణలో ఉన్న అధికారుల బృందాలతో మాట్లాడటం, 111వ అధికరణం కింద బిల్లులకు ఆమోదం, 72వ అధికరణం కింద క్షమాభిక్ష అర్జీలు, ఇవన్నీ రాష్ట్రపతి భవన్ గోడల మధ్య జరిగే పనులు. వాటి గురించి సాయంత్రం ఒక ఫొటో, నాలుగు వాక్యాలు వస్తే సరిపోతుంది. పర్యటన అలా కాదు. అది ఖరారైన రోజు నుంచే ఒక ఊరి దినచర్యలో వేలు పెడుతుంది.

పర్యటన ఎలా ఖరారవుతుందో తెలియనిది కాదు. ఆహ్వానం అందుతుంది, రాష్ట్రపతి సచివాలయం సమ్మతి తెలుపుతుంది, రాష్ట్ర ప్రభుత్వంలో ప్రోటోకాల్ చూసే విభాగానికి కార్యక్రమం వస్తుంది, అక్కడి నుంచి కలెక్టరేట్‌కు. ఆపైన సమన్వయ సమావేశం, మినిట్ టు మినిట్ ప్రోగ్రాం, ముందస్తు భద్రతా పరిశీలన, కాన్వాయ్ రిహార్సల్. ఈలోగా రోడ్ల గుంతలు పూడతాయి, డివైడర్లకు రంగు పడుతుంది, తీగలకు తగిలే కొమ్మలు నరుకుతారు, హోటల్ గదులు బ్లాకవుతాయి, షామియానా వాళ్ళకు అడ్వాన్సు అందుతుంది. డివైడర్ తళతళలాడితే ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ రోజు డయాలసిస్‌కు ఏ దారిన వెళ్ళాలన్నదే. పర్యటన గురించి అధికార ప్రకటన సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందు వస్తుంది. అందులో తేదీ, వేదిక ఉంటాయి. దారి మళ్ళింపుల సమాచారం చాలాసార్లు ముందు రోజు సాయంత్రమే బయటికొస్తుంది. పొద్దున్నే పేపర్ చూడనివాడు బారికేడ్ దగ్గరే తెలుసుకోవాలి.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరసగా చెబుతాం.

1. 20 నిమిషాల ఆపుదల 20 నిమిషాలతో పోదు.

ట్రాఫిక్ చదువుకున్న ఇంజనీర్లకు ఈ లెక్క కొత్త కాదు. పచ్చలైటు ఆగకుండా వెలిగితే ఒక వరసలో గంటకు సుమారు 1,800 వాహనాలు కూడలి దాటతాయి. ఎరుపు, పచ్చ సగం సగం అనుకుంటే 900. ఆ వరసలోకి గంటకు 700 వాహనాలు వస్తున్నాయనుకుందాం. 20 నిమిషాలు ఆపితే 233 పోగవుతాయి. తెరిచాక, వచ్చేవాటిని పంపుతూ పాతవాటిలో అదనంగా పంపగలిగేది గంటకు 200 మాత్రమే. అంటే రోడ్డు మామూలయ్యేసరికి మరో 70 నిమిషాలు. అదే 5 నిమిషాలు ఆపితే పోగయ్యేవి 58, సర్దుకోవడానికి 18 నిమిషాలు. మన రోడ్ల మీద బైకులూ ఆటోలూ కలిసే వెళ్తాయి కాబట్టి అంకెలు కొంత మారతాయి. తీరు మారదు.

ఇంకో చిక్కుంది. ఒక్కో వాహనానికి ఆరు మీటర్లు వేసుకున్నా 233 వాహనాల వరస 1.4 కిలోమీటర్లు సాగుతుంది. వెనక కూడలిని మింగేస్తుంది. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఆపితే గోపాలపట్నం వైపు వెళ్ళాల్సినవాడు కూడా, కాన్వాయ్‌తో ఏ సంబంధం లేకుండా, ఇంజను ఆపుకుని కూర్చుంటాడు.

నౌకాదళ విమానాశ్రయం ఐఎన్‌ఎస్ డేగా నుంచి ఆర్కే బీచ్‌కు రోడ్డు మీద ఇంచుమించు 14 కిలోమీటర్లు. 40 కిలోమీటర్ల వేగంతో కాన్వాయ్‌కు పట్టేది 21 నిమిషాలు. ముందున్న కూడలిని పైలట్ వాహనం రెండు కూడళ్ళ దూరంలో ఉండగా మూసి, చివరనుండే టెయిల్ కారు దాటగానే తెరిస్తే ఎక్కడా అయిదు నిమిషాలు దాటనక్కర్లేదు. జరిగేది వేరు. విమానం దిగిందన్న మాట వైర్‌లెస్‌లో వినగానే దారంతా ఒకేసారి మూతపడుతుంది. విమానాశ్రయంలో స్వాగతం, పుష్పగుచ్ఛాలు, పరిచయాలు అయ్యేదాకా బీచ్ దగ్గరి కూడలి కూడా ఊరికే మూసి ఉంటుంది. కారణం చిన్నదే. ముందే మూసిన ఎస్సైని ఎవరూ ఏమీ అనరు, ఒక్క నిమిషం ఆలస్యంగా మూసినవాడికి మెమో వస్తుంది. మనిషన్నవాడు దేన్ని ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు.

దీనికితోడు ప్రత్యామ్నాయ మార్గం ఒకటుంటుంది. మొదటి దారిలో ఏదైనా అయితే వాడుకోవడానికి దాన్నీ సిద్ధంగా ఉంచుతారు. అంటే అదీ మూతే. ముందు రోజు రిహార్సల్‌కు ఒకసారి, రాకకు ఒకసారి, తిరుగు ప్రయాణానికి మరోసారి. ఒక్క పర్యటనకు ఊరు మూడుసార్లు ఆగుతుంది. పేపర్లో మాత్రం ఒకసారే రాస్తారు.

2. పెద్దాసుపత్రికి వెళ్ళే దారి.

పెద్దాసుపత్రి, అంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్), సరిగ్గా జగదాంబ కూడలికీ బీచ్ రోడ్డుకూ మధ్య ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, ఒడిశాలో కోరాపుట్ వైపు నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. ఊళ్ళో ఏ రాష్ట్రపతి కార్యక్రమం బీచ్‌లో పెట్టినా మొదట బిగుసుకునేది ఆ చుట్టుపక్కల దారులే.

డయాలసిస్ రోగికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు మెషిన్ మీద ఉండాలి. మెషిన్లు షిఫ్టుల మీద నడుస్తాయి. ఉదయం షిఫ్టువాడు గంట ఆలస్యమైతే అతని సమయం తగ్గించాలి, లేదా తర్వాతివాణ్ణి వెనక్కి నెట్టాలి. రాత్రి షిఫ్టుకు వచ్చే మనిషి దాకా ఆ గంట పాకుతుంది. వారం ముందు తెలిస్తే సోమవారం రోగిని ఆదివారానికో మంగళవారానికో మార్చడం నర్సుకు రెండు ఫోన్ కాల్స్ పని. రోగులు మెషిన్ చుట్టూ తమ వారాన్ని అమర్చుకుంటారు. అందుకే వారపు కార్యక్రమం అడుగుతున్నాం.

పక్షవాతం వచ్చినవాళ్ళకు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. పాడేరు ఘాట్ దిగి నగరంలోకి వచ్చేసరికే అందులో పెద్ద భాగం అయిపోతుంది. మిగిలింది ఎన్‌ఏడీ లాంటి కూడళ్ళ చేతిలో.

అంబులెన్సులను వదలడం లేదా అంటారు. వదులుతారు, ఆదేశాలూ ఉంటాయి. మరి ఎక్కడ ఆగుతోంది? బారికేడ్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ బందోబస్తు కోసం పక్క జిల్లా నుంచి వచ్చినవాడు. మెయిన్ రోడ్డు మీదికి వదలకూడదని అతనికి చెప్పారు. ఏ సందులోంచి పంపితే కేజీహెచ్ క్యాజువాలిటీ గేటు వస్తుందో చెప్పలేదు. డివైడర్ ఖాళీలు తాళ్ళతో, ఇనుప బారికేడ్లతో బిగించి ఉంటాయి. విప్పమనాలంటే అతను ఎస్సైని అడగాలి, ఎస్సై వైర్‌లెస్ సెట్‌లో అడగాలి, ఆ సమయంలో సెట్ కాన్వాయ్ మాటలతో నిండి ఉంటుంది. డ్రైవర్ ఫోన్లో మ్యాపుకు ఈ బారికేడ్ సంగతే తెలియదు. అతను వెనక్కి తిప్పుకుందామంటే వెనక అరకిలోమీటరు వాహనాలు. అత్యవసర వాహనానికి దారివ్వని మామూలు డ్రైవరుకు మోటారు వాహనాల చట్టం 194ఇ సెక్షన్ కింద పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని ఉన్నాయి. బారికేడ్‌కు ఏ సెక్షనూ లేదు.

ఇది ఊహించి రాసింది కాదు. 2021 జూన్‌లో కాన్పూర్‌లో అప్పటి రాష్ట్రపతి పర్యటన కోసం ట్రాఫిక్ ఆపినప్పుడు ఆసుపత్రికి వెళ్తున్న ఒక మహిళ సమయానికి చేరలేక ప్రాణం పోగొట్టుకున్నారు. కోవింద్ గారు ఎంతో బాధపడ్డారు, నగర పోలీసు కమిషనర్ క్షమాపణ చెప్పారు. దీనికి నాలుగేళ్ళ ముందు, 2017 జూన్‌లో బెంగళూరు ట్రినిటీ సర్కిల్‌లో నిజలింగప్ప అనే ట్రాఫిక్ ఎస్సై ప్రణబ్ ముఖర్జీ గారి కాన్వాయ్‌ని ఆపి అంబులెన్సును ముందు పంపారు. పై అధికారులు ఆయనకు బహుమతి ఇచ్చారు. అక్కడ భద్రతకు లోటేమీ రాలేదు. కాకపోతే ఇలాంటిది ఒక ఎస్సై ధైర్యానికి వదిలేయాల్సిన విషయం కాదు. రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి.

ఒక చిన్న మాట ఇక్కడే చెప్పాలి. పర్యటన కోసం ఒక ఆసుపత్రిలో గది, థియేటర్, సరిపడే గ్రూపు రక్తం సిద్ధంగా పెడతారు. కాన్వాయ్ వెంట డాక్టర్లతో అంబులెన్సు వెళ్తుంది. అవసరమే, కాదనం. ఆ డాక్టర్లు ఎవరి ఓపీ వదిలి వచ్చారు, ఆ ఓపీ ఎవరు చూస్తారు అన్నది ఏ కాగితం మీదా కనిపించదు. రాయగడ నుంచి రాత్రి రైలెక్కి వచ్చినవాడికి పొద్దున్న ఓపీ చీటీ దగ్గర తెలుస్తుంది.

3. వేటకు వెళ్ళినవాళ్ళకు కబురు చేరదు.

నౌకా సమీక్ష అంటే తీరానికి ఎదురుగా నౌకలు వరసగా లంగరు వేస్తాయి. చుట్టూ సముద్రం మూతపడుతుంది. వలలు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే నౌకకు ప్రమాదం కాబట్టి వలలు తీసేయమంటారు. సబబే. కానీ మరబోటు ఒకసారి హార్బర్ దాటితే పది పదిహేను రోజులు వేటలోనే ఉంటుంది. ఐసు, డీజిలు, బియ్యం, మంచినీళ్ళు అన్నీ ఎక్కించుకుని బయల్దేరిన సరంగుకు (బోటు నడిపేవాడికి) ముందు రోజు ఇచ్చిన నోటీసు ఎందుకు పనికొస్తుంది? సగం వేటలో వెనక్కి రమ్మంటే డీజిలు ఖర్చే మిగులుతుంది, చేప మిగలదు. లోపలికి రావద్దంటే ఐసు కరిగి, ఉన్న సరుకు ధర పడిపోతుంది. ఒడ్డు దగ్గర ఫైబర్ పడవలవాళ్ళ కష్టం వేరు. రాత్రి వేసిన వల తెల్లవారి తీస్తారు. చీకట్లో గస్తీ పడవ వచ్చి తీయమంటే కోసుకోవడమే గతి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ తేదీలు అందరికీ తెలుసు కాబట్టి బోట్లు ఒడ్డుకెక్కించి రంగులు వేసుకుంటారు, ఇంజన్లు విప్పుకుంటారు. తెలిసిన మూతకు మత్స్యకారుడు పని కల్పించుకుంటాడు. తెలియని మూతకు అప్పు చేస్తాడు.

4. బీచ్ రోడ్డు బండ్లు.

ముంత మసాలా బండి లెక్క చూడండి. మరమరాలు నిలవ ఉంటాయి. ఉడికిన బఠాణీలు, తరిగిన ఉల్లి, టమాటా మర్నాటికి పారేయాల్సిందే. మొక్కజొన్న పొత్తుకు రెండో రోజుకు తీపి పోయి గింజ గట్టిపడుతుంది. మామిడికాయ ముక్కలు అప్పటికప్పుడు అమ్ముకోవాలి. మధ్యాహ్నం సరుకు కొని, కోసుకుని, మూడింటికి బండి తోసుకొస్తే అప్పుడు తీసేయమంటారు. డైలీ ఫైనాన్స్ మనిషి సాయంత్రం మామూలుగానే వస్తాడు. ఆయనకు ప్రోటోకాల్ ఉండదు.

2014 వీధి వ్యాపారుల చట్టం 18వ సెక్షన్ ప్రకారం తొలగించాలన్నా, వేరేచోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఒక పూట పక్కకు జరపడం తొలగింపు కాదని వాదించవచ్చు. అయితే రిహార్సల్స్‌తో కలిపి చూస్తే ఒక పూటతో అయ్యేది అరుదు. 19వ సెక్షన్ ప్రకారం సరుకు జప్తు చేస్తే జాబితా రాసి ఇవ్వాలి. పాడయ్యే సరుకును అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. బండిని లారీలోకి ఎత్తేటప్పుడు ఎవరైనా జాబితా రాస్తున్నారేమో మీరే కనుక్కోండి.

5. పరీక్షలు. కంప్యూటర్ పరీక్షా కేంద్రం గేటు మూశాక కలెక్టర్ చెప్పినా తెరవరు. పర్యటన తేదీని పరీక్షల క్యాలెండర్ పక్కన పెట్టి చూసే పని ఎవరిదో ఎక్కడా రాసి లేదు. ముందు రోజు రాత్రి బడికి సెలవు ప్రకటిస్తే కూలికి వెళ్ళే తల్లి ఆ రోజు కూలి మానుకోవాలి.

6. బందోబస్తు పోలీసులు కూడా మామూలు మనుషులే. కాన్వాయ్ పదకొండు గంటలకైతే తెల్లవారకముందే పాయింట్‌లో నిలబెడతారు. నీడ ఉండదు, నీళ్ళ ప్యాకెట్ వస్తే వచ్చినట్టు. మహిళా కానిస్టేబుళ్ళు టాయిలెట్ లేదని నీళ్ళు తాగడమే మానేస్తారు. సమయం ముందే కచ్చితంగా తెలిస్తే డ్యూటీని షిఫ్టులుగా పంచవచ్చు.

భద్రత మాటేమిటని మీరు అడుగుతారు. అడగాల్సిందే. రాష్ట్రపతి భవన్ ముందు శనివారం గార్డు మార్పిడి వేళలు ముందే ప్రకటిస్తారు, జనం ముందే బుక్ చేసుకుని వెళ్తారు. జనవరి 26న రాష్ట్రపతి ఎక్కడుంటారో దేశమంతటికీ తెలుసు. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడి వారపు కార్యక్రమాన్ని అధ్యక్ష భవనమే వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఐర్లండ్‌లో అధ్యక్ష భవనం డైరీ పౌరులందరూ చూడవచ్చు. మన దగ్గర కూడా పర్యటన తేదీ, వేదిక, పాల్గొనే కార్యక్రమం ముందు రోజైనా బయటపెడుతున్నారు కదా. అంటే వేదిక రహస్యం కాదని మీరే ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఎన్నాళ్ళ ముందు అన్నదే.

మా ఊరి అనుభవమే చూడండి. ఉదయం నడక కోసం బీచ్ రోడ్డును రోజూ వాహనాలకు మూస్తారు. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే వేళ అందరికీ తెలుసు. సింహాచలం గిరిప్రదక్షిణకు 32 కిలోమీటర్ల దారిలో లక్షల మంది నడుస్తారు. హనుమంతవాక, వెంకోజీపాలెం, ఎన్‌ఏడీ అన్నీ మళ్ళింపులే. మళ్ళింపుల మ్యాపు ముందే ఇస్తారు కాబట్టి ఊరు సర్దుకుంటుంది. ఈ పనిలో మన పోలీసులకు ఎవరూ నేర్పాల్సింది లేదు. పర్యటన వచ్చేసరికి మాత్రం అదే చేయి ముడుచుకుపోతుంది.

పైగా ఇది రాష్ట్రపతి భవన్‌కు కొత్త ఆలోచన కూడా కాదు. 2012లో ప్రణబ్ ముఖర్జీ గారు ప్రోటోకాల్ మర్యాదలు తగ్గించినప్పుడు, జనానికి, ట్రాఫిక్‌కు ఇబ్బంది తగ్గేలా ఢిల్లీ కార్యక్రమాలను వీలైనంత వరకు రాష్ట్రపతి భవన్ ఆవరణలోనే జరపాలని చెప్పారు. ఢిల్లీకి చూపిన ఆ దయ విశాఖకూ వర్తింపజేయమంటున్నాం. సమాచార హక్కు చట్టం 4(1)(సి) ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాల వివరాలు ఎవరూ అడగకముందే ప్రచురించమంటోంది. 4(4) స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమంటోంది. భద్రతకు సంబంధించినవి 8వ సెక్షన్ కింద దాచుకోండి, మాకు అభ్యంతరం లేదు.

మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి శుక్రవారం సాయంత్రం 5 గంటలకు మరుసటి వారం రాష్ట్రపతి కార్యక్రమాన్ని ప్రకటించాలి. భవన్‌లో జరిగేవి, ఢిల్లీలో జరిగేవి, పర్యటనలు అని మూడు భాగాలుగా ఉంటే చాలు. పర్యటన ఉన్న రాష్ట్రం భాషలో కూడా ఉండాలి.

2. పర్యటనకు ఏడు రోజుల ముందు ప్రాంతం, పూట. 48 గంటల ముందు రోడ్లవారీగా మూత వేళలు ప్రకటించాలి. రిహార్సల్, తిరుగు ప్రయాణం కూడా అందులో ఉండాలి. చివరి నిమిషంలో దారి మారిస్తే మార్చండి. ప్రకటించిన వేళల పరిధిలో ఉన్నంతవరకు మాకు చిక్కు లేదు. ప్రకటన ఇలా ఉంటే చాలు: "మంగళవారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్, పాండురంగపురం ప్రాంతాల్లో రాకపోకలు అడపాదడపా ఆగుతాయి. కేజీహెచ్‌కు వెళ్ళేవారు జగదాంబ వైపు గేటు వాడాలి. భీమిలి 900కె బస్సులు ఏ దారిన వెళ్తాయంటే..." నాలుగు వాక్యాలు. ఇందులో శత్రువుకు పనికొచ్చేది ఏముందో చెప్పండి.

3. ఏ కూడలినీ ఒక విడతలో అయిదు నిమిషాలకు మించి ఆపకూడదు. ప్రతి కూడలిలో మూసిన వేళ, తెరిచిన వేళ పుస్తకంలో రాసి, పర్యటన ముగిసిన వారంలోగా ప్రకటించాలి. ఆలస్యంగా మూస్తే మెమో ఇచ్చే అధికారి, ఆలస్యంగా తెరిచినందుకు కూడా ఇవ్వాలి.

4. అంబులెన్సు వస్తే కాన్వాయ్ ఆగాలని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రుల దారుల్లో ప్రతి బారికేడ్ దగ్గర బయటి జిల్లా సిబ్బందితోపాటు స్థానిక స్టేషన్ మనిషి ఒకరుండాలి. విప్పగలిగే బారికేడ్ పెట్టాలి, తాడు కట్టకూడదు. కాన్వాయ్ చానల్‌తో కలవని వేరే వైర్‌లెస్ చానల్ అంబులెన్సులకు కేటాయించి 108 కంట్రోల్‌రూమ్‌ను అందులో కూర్చోబెట్టాలి. కాన్వాయ్ దారినీ, దాని ప్రత్యామ్నాయ మార్గాన్నీ ఒకేసారి పూర్తిగా మూయకూడదు.

5. రోడ్డు ప్రయాణాలు ఉదయం 8 నుంచి 10:30, సాయంత్రం 5 నుంచి 8 మధ్య పెట్టకూడదు. వాతావరణం అనుకూలిస్తే డేగా నుంచి కోస్టల్ బ్యాటరీ హెలిప్యాడ్‌కు హెలికాప్టర్ వాడాలి. హెలికాప్టర్ ఎగిరాక కూడా రోడ్డును స్టాండ్‌బై పేరుతో పట్టి ఉంచకూడదు.

6. సముద్రం మూసే తేదీలు 15 రోజుల ముందు మత్స్యశాఖ ద్వారా హార్బర్‌లోనూ, జాలరిపేటల్లోనూ చెప్పాలి. వేటలో ఉన్నవాళ్ళకు వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ చానల్‌లో తెలుగులో రోజూ చెప్పించాలి. కోసేసిన వలకు, పోయిన వేట రోజులకు పరిహారం పర్యటన బడ్జెట్ నుంచే ఇవ్వాలి.

7. బండ్లవాళ్ళకు ఏడు రోజుల ముందు చెప్పి, ఆ రోజులకు వేరే చోటు చూపాలి. సరుకు ముట్టుకుంటే జాబితా చేతికివ్వాలి.

8. ఏ డాక్టర్లను పర్యటన విధులకు తీసుకున్నారో, వారి ఓపీ ఎవరు చూస్తారో ముందు రోజే ఆసుపత్రి బోర్డు మీద రాయాలి.

9. బందోబస్తు సిబ్బందిని నాలుగు గంటలకోసారి మార్చాలి. మహిళా సిబ్బంది ఉన్న ప్రతి పాయింట్‌కు నడిచి వెళ్ళగలిగే దూరంలో మొబైల్ టాయిలెట్ ఉండాలి.

10. పరీక్షల తేదీలు సరిచూసి సంతకం పెట్టే అధికారి ఎవరో పదవి పేరుతో ప్రకటించాలి. పర్యటన రోజున ఫోన్ ఎత్తే బాధ్యత కూడా ఆయనదే కావాలి.

ప్రధాని, ఉపరాష్ట్రపతి, ముఖ్యమంత్రి పర్యటనలకు కూడా ఇవే డిమాండ్లు వర్తిస్తాయి. రాష్ట్రపతి గారి కార్యక్రమంతో మొదలుపెట్టమనడానికి కారణం, ప్రోటోకాల్ వరసలో మొదటి స్థానం వారిది. అక్కడ మారితే కిందివాళ్ళకు సాకు ఉండదు.

వీటిలో ఏది ఒప్పుకుంటారో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. జవాబు రాకపోతే గత పర్యటనల్లో ఒక్కో కూడలి ఎంతసేపు మూశారో, ఎంతమంది డాక్టర్లను విధులకు పంపారో, జప్తు చేసిన సరుకుకు ఎన్ని జాబితాలు ఇచ్చారో అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తులు వేస్తాం. కూడలికి ఒకటి చొప్పున, ఎన్‌ఏడీతో మొదలుపెట్టి.

ఇట్లు,
విశాఖపట్నం ఆటో, అంబులెన్సు డ్రైవర్లు, బీచ్ రోడ్డు చిరు వ్యాపారులు, హార్బర్ మత్స్యకారులు, రోగుల బంధువులు, విశ్రాంత ఉద్యోగులు